న్యాయవాద సంస్థలలో వృత్తి ప్రణాళిక: ప్రాజెక్టు సాఫ్టువేరు చేయగల పని

1919వ సంవత్సరమున బోస్టను నగరమందలి హేల్ అండ్ డార్ అను న్యాయవాద సంస్థ నిర్వహణభారమును స్వీకరించిన రెజినాల్డ్ హీబర్ స్మిత్, అంతకు పూర్వము అదే నగరమున బీదల కొఱకు ఏర్పడిన న్యాయసహాయ సంఘమును నడపి, కొద్దిపాటి ధనముతో లెక్కకు మించిన వ్యాజ్యములను చక్కబెట్టవలసిన ఇబ్బందిని స్వయముగా ఎఱిగినవాడగుటచేత, ప్రతి న్యాయవాదియు తన పనిదినమును ఆరేసి నిమిషముల భాగములుగా విభజించుకొని, ఏ భాగము ఏ కక్షిదారుని పనిమీద గడచినదో వ్రాసియుంచవలెనను పద్ధతిని ప్రవేశపెట్టెను. పనికి నిజముగా ఎంత ఖర్చగుచున్నదో తెలిసికొనుటయే ఆ పద్ధతియొక్క ప్రయోజనము. 1958లో అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రకటించిన ఒక చిన్న పుస్తకము, న్యాయవాదుల ఆదాయము ఇతర వృత్తులవారి ఆదాయమునకు వెనుకబడుటకు కాలపు లెక్క సరిగా లేకపోవుట ఒక ముఖ్యకారణమని వాదించి, ఏడాదికి ఫీజు రాబట్టగల గంటలు 1,300 అని అంచనా కట్టినది. 1975లో గోల్డ్‌ఫార్బ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు, బార్ సంఘముల కనీస ఫీజు పట్టికలు పోటీ చట్టమునకు విరుద్ధములని తీర్పు చెప్పిన పిమ్మట గంటల లెక్కకు ప్రాబల్యము మఱింత హెచ్చినది. కాలక్రమమున పెద్ద సంస్థలలో 1,800, 2,000 గంటల లక్ష్యములు సామాన్యములై, బోనసులకును పదోన్నతులకును అవియే గడపలైనవి. ఖర్చు తెలిసికొనుటకై పుట్టిన కాగితము ఇట్లు మనిషి యోగ్యతను కొలుచు కొలబద్ద యైనది.

ఈ చరిత్రను ముందుగా స్మరించుటకు కారణము కలదు. ట్రెల్లో, ఆసనా, జిరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు మొదలగు పేర్లతో ప్రసిద్ధమైన పని నిర్వహణ సాఫ్టువేరును, వ్యాజ్యములను ఒప్పందములను నడపుటకే గాక, న్యాయవాదుల వృత్తిజీవితమును తీర్చిదిద్దుటకును వినియోగింపవచ్చునను అభిప్రాయము నేడు పెద్ద సంస్థలలో వ్యాపించుచున్నది. ఈ విషయమై జరుగు చర్చలో మూడు వేర్వేరు పనులు తఱచుగా కలగాపులగమగుచున్నవి. ఒక యువ న్యాయవాది తన చదువును, పరీక్షలను, నేర్వవలసిన విద్యలను తనకొఱకు తాను పట్టికగా వేసికొనుట మొదటిది. సంస్థ తన జూనియర్లకు ఇచ్చు శిక్షణను క్రమపఱచుకొనుట రెండవది. ఏ పని ఎవరి చేతికి పోవుచున్నదో, ఎవరి చేతికి పోకున్నదో అందఱకు కనబడునట్లు చేయుట మూడవది. మొదటి రెండింటిని గూర్చి వ్రాయువారు పెక్కురు. మూడవదానిని గూర్చి మాటలాడువారు కొలదిమంది. న్యాయవాది ఎదుగుదల ఆతడు వేసికొను ప్రణాళికలో కంటె ఆతనికి లభించు పనిలోనే అధికముగా నిర్మితమగుచున్నదనియు, కావున సాఫ్టువేరుయొక్క నిజమైన విలువ ఆ పనుల పంపకమును వెలుగులోనికి తెచ్చుటయం దున్నదనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ పరికరముల పుట్టుక న్యాయవృత్తికి మిక్కిలి దూరమున జరిగినది. 1896లో పోలండు దేశపు ఇంజనీరు కరోల్ అడమియెత్‌స్కీ కర్మాగారపు పనుల క్రమమును చూపు ఒక పటమును కల్పించెను; ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున అమెరికాలో హెన్రీ గాంట్ ప్రచారమునకు తెచ్చిన గీతల పట్టిక నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. 1957 ప్రాంతమున డ్యూపాంట్ రసాయన సంస్థ, 1958లో పొలారిస్ క్షిపణి నిర్మాణమునకై అమెరికా నౌకాదళము, ఏ పని ఆలస్యమైనచో మొత్తము ఆలస్యమగునో గణించు మార్గములను సిద్ధపఱచినవి. జపానులో టొయోటా కర్మాగారమున తాయిచి ఓనో వాడుకలోనికి తెచ్చిన కార్డుల పద్ధతియే నేటి సాఫ్టువేరు బోర్డులకు మూలము. వీనిలో గాంట్ పట్టికయు నౌకాదళపు గణనయు చేయు ఊహ యొక్కటియే: చేరవలసిన గమ్యము ముందే తెలియును. ఇల్లు కట్టువానికి పునాదికి పిమ్మట గోడలు, గోడలకు పిమ్మట కప్పు వచ్చునని ఎట్లు తెలియునో, అట్లే ఈ పట్టికలు వేయువానికి తుదిరూపము కన్నులముందు నిలిచియుండవలెను. వృత్తిజీవితమునకు అట్టి తుదిరూపము లేదు.

ప్రణాళికకు లొంగునదేదో, లొంగనిదేదో తెలిసికొనుటకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితము చక్కని నిదర్శనము. ఆయన రాజమహేంద్రవరమున సెకండు గ్రేడు ప్లీడరుగా మంచి ప్రాక్టీసును సంపాదించి, పురపాలక సంఘమునకు అధ్యక్షులైనను, ఆ పట్టాతో పై కోర్టులలో వాదించు అర్హత తమకు లేదని గ్రహించి, ఇంగ్లండు వెళ్లి 1907లో బారిస్టరై తిరిగివచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టిరి. అడ్డమేదో గుర్తించుట, దానిని దాటించు పరీక్ష యేదో తెలిసికొనుట, కాలమును ధనమును సమకూర్చుకొనుట, ఇవి యన్నియు ఏ పట్టికలోనైనను ఒదుగునవే. కాని 1921లో, ఆదాయము పుష్కలముగా నున్న దినములలో, సహకార నిరాకరణోద్యమమునకై ఆయన ఆ వృత్తినే విడిచినారు. ఈ రెండవ నిర్ణయమునకు ఏ బోర్డుమీదను గడి యుండజాలదు. సామాన్య న్యాయవాదుల జీవితములందును, ఇంత ఉదాత్తముగా గాకున్నను, ఒక సీనియరు మరణము, ఒక క్రొత్త చట్టము, ఒక అనుకోని కక్షిదారుడు మార్గమును మార్చివేయుట నిత్యము చూచుచున్నదే. కావున పదేండ్లకు సరిపడు గీతల పట్టికను వేసికొనుమని యువకులకు చెప్పు సలహాదారుల మాట నాకు సమ్మతము గాదు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రమున పదునేడుగురు సాఫ్టువేరు నిపుణులు కూడి ప్రకటించిన అజైల్ పద్ధతి, చిన్న చిన్న కాలపరిమితులలో పనిచేసి, ప్రతి పరిమితి చివరను చూచుకొని, త్రోవను సవరించుకొనుమని చెప్పునది గనుక, వృత్తి ప్రణాళికకు అదియే దగ్గఱ. మూడు నెలల కొకసారి సీనియరుతో కూర్చుండి బోర్డును చూచుకొనుట చాలును. అంతకంటె దూరము చూచుట కన్నులకు శ్రమయే గాని ఫలము లేదు.

న్యాయవాద సంస్థలలోనికి ఈ సాఫ్టువేరు వృత్తి ప్రణాళికకై రాలేదు. 2008 ఆర్థిక సంక్షోభమునకు పిమ్మట పెద్ద కంపెనీలు న్యాయవాదుల బిల్లులను ప్రశ్నింపసాగి, పనికి ముందే మొత్తము ఫీజును నిర్ణయించి చెప్పుమని కోరిన కాలమున, ఖర్చును ముందుగా అంచనా వేయగల నిర్వహణ అవసరమైనది. అమెరికాలో సేఫార్త్ షా అను సంస్థ కర్మాగారముల పొదుపు పద్ధతులను తన పనికి అన్వయించుకొనుటయు, డెకర్ట్ అను సంస్థ 2010 ప్రాంతమున తన పార్ట్‌నర్లకు ప్రాజెక్టు నిర్వహణలో శిక్షణ నిప్పించుటయు ఈ మార్పునకు చిహ్నములు. ఒక వ్యాజ్యమును భాగములుగా విడదీసి, ప్రతి భాగమునకు ఒక కార్డును, ప్రతి కార్డునకు ఒక పేరును, ఒక గడువును చేర్చిన మీదట, ఎవరు ఏ పని చేసిరన్న చరిత్ర తనంతట తానుగా పోగుపడుట ప్రారంభించినది. వృత్తి ప్రణాళికకు కావలసిన ముడిసరకు అదియే. దానిని ఉద్దేశించి ఎవరును కూర్చలేదు. మఱియొక ప్రయోజనమునకై చేసిన పనిలోనుండి అది ఊరికే లభించినది.

పనిని భాగించి నేర్పుట న్యాయవృత్తికి క్రొత్తయు గాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున న్యూయార్కు నగరమున పాల్ క్రవాత్ ప్రారంభించిన పద్ధతిని గూర్చి, ఆ సంస్థ చరిత్రను వ్రాసిన రాబర్ట్ స్వెయిన్ చెప్పిన దానినిబట్టి, చిక్కైన పెద్ద సమస్యను అవయవములుగా విడదీసి ఒక్కొక్క దానిని శ్రద్ధగా చేయుట నేర్చిన యువకుడు, ఏ మార్గదర్శనమును లేక నీటిలో త్రోయబడిన యువకుని కంటె త్వరగా మంచి న్యాయవాది యగునని క్రవాత్ విశ్వాసము. ఆ సంస్థలో జూనియర్లు ఒక పార్ట్‌నరు వద్దనుండి మఱియొక పార్ట్‌నరు వద్దకు కొంతకాలమున కొకసారి మాఱుచుందురు. తమ పాలి పనిని తామే వెదకికొనవలసిన బాధ లేక, వేర్వేరు విధములైన పనులు క్రమముగా వారి చేతికి వచ్చును. ఈ ఏర్పాటునకు మఱియొక ముఖము కూడ కలదు: నియమిత కాలములో పార్ట్‌నరు కాజాలనివాడు సంస్థను విడువవలెను. మార్క్ గలాంటర్, థామస్ పాలే అను పరిశోధకులు 1991లో ప్రకటించిన గ్రంథమున అమెరికా పెద్ద సంస్థల నిర్మాణమును ఒక పందెముగా వర్ణించి, ఆ పందెమే సంస్థల పెరుగుదలకు చోదకమని నిరూపింప యత్నించిరి. పందెమున్నచోట పరుగెత్తువారందఱకు ఒకే బాట దొరకుచున్నదా యను ప్రశ్న రాక తప్పదు. క్రవాత్ కాలమున దానికి సమాధానము పార్ట్‌నర్ల మనస్సులలోనే యుండెడిది. ఈనాడు అది తెరమీద చూడదగినదిగా నున్నది.

ఇంగ్లండులో ఈ విషయము ఇంకను స్పష్టముగా కనబడుచున్నది. అచ్చటి ట్రెయినీలు రెండేండ్ల శిక్షణలో సాధారణముగా ఆరేసి నెలలు నాలుగు విభాగములలో కూర్చుండుట చిరకాలపు ఆచారము. 2021 సెప్టెంబరునుండి సొలిసిటర్ల అర్హతా పరీక్ష క్రొత్తగా అమలులోనికి వచ్చుటతో, ఆ రెండేండ్ల అనుభవమును నాలుగు సంస్థలవరకు పంచుకొని సంపాదింపవచ్చునని నియమమేర్పడినది. ఒక న్యాయసహాయ కేంద్రమున కొన్ని నెలలు, ఒక కంపెనీలో కొన్ని నెలలు, ఒక సంస్థలో ఒక సంవత్సరము గడపినవాడు వాని నన్నిటిని ఒకచోట చేర్చి చూపవలసియున్నందున, లెక్క వ్రాసికొనుట అచ్చట విలాసము గాక అవసరమైనది. ఆ అనుభవమును ధ్రువపఱచు సొలిసిటరు, అభ్యర్థి సమర్థుడని చెప్పనక్కఱలేదు; నిర్దేశించిన సామర్థ్యములను పెంపొందించుకొను అవకాశము ఆతనికి లభించినదని చెప్పిన చాలును. ఈ సూక్ష్మ భేదమును నేను మిక్కిలి గౌరవింతును. సామర్థ్యమును పరీక్ష నిర్ణయించును. అవకాశము లభించినదా లేదా అన్నది మాత్రము దినదినపు లెక్క వలననే తెలియును. అచ్చటి నియంత్రణ సంస్థ సొలిసిటరునకు ఉండవలసిన సామర్థ్యములను నాలుగు భాగములుగా విభజించి, తన్ను తాను, తన పనిని తాను నిర్వహించుకొనుటను వానిలో ఒక భాగముగా నిలిపినది. పని ప్రణాళిక ఇట్లు వృత్తికి బాహ్యమైన ఉపకరణముగా గాక, వృత్తిలోని ఒక విద్యగానే అంగీకరింపబడినది.

ఇక పనుల పంపకమును దగ్గఱనుండి చూతము. హైదరాబాదులోని ఒక మోస్తరు సంస్థలో మూడవ ఏడు నడచుచున్న ఒక అసోసియేటును ఊహింతము. ఆమె బోర్డుమీద నాలుగు వరుసలు కలవు: చేయవలసినవి, చేతిలో ఉన్నవి, సీనియరు చూడవలసినవి, ముగిసినవి. ఒక కార్డుమీద శంషాబాదు చేరువ భూమికి లింకు డాక్యుమెంట్లు చదివి టైటిలు నివేదిక వ్రాయవలెనని యున్నది. మఱియొక దానిమీద ముప్పది యేండ్ల ఈసీ తెప్పించి సరిచూడవలెనని. వేఱొక దానిమీద ఎన్‌సీఎల్‌టీలో వేసిన దరఖాస్తునకు అనుబంధముల పట్టిక కట్టవలెనని. ప్రతి కార్డునకు పని స్వభావమునుబట్టి ఒక రంగు చేర్చబడినది: పత్రములు చదువుటకు నీలము, డ్రాఫ్టింగునకు పసుపు, కక్షిదారునితో మాటలకు ఆకుపచ్చ, కోర్టులో నిలువబడి మాటలాడుటకు ఎఱుపు. ఆరు నెలలు గడచిన పిమ్మట ముగిసిన కార్డుల వరుసను చూచినచో, నాలుగింట మూడు పాళ్లు నీలమే. ఎఱుపు ఒక్కటియు లేదు. అదే గదిలో, అదే యేడు చేరిన మఱియొక అసోసియేటు బోర్డుమీద ఎఱుపు కార్డులు విరివిగా నున్నవి. ఇందులో ఎవరి దురుద్దేశమును ఉండనక్కఱలేదు. సాయంకాలము ఐదు గంటలకు మఱునాటి వాయిదా గుర్తునకు వచ్చిన పార్ట్‌నరు, గదిలో ముందుగా కనబడిన వానిని, పూర్వము ఒకసారి బాగుగా చేసిన వానిని, రాత్రి పొద్దుపోయినను ఇంటికి తొందర లేనివానిని పిలుచును. అట్టి పిలుపులు వందలుగా పేరుకొని, అయిదేండ్లకు ఒకడు వాదింపగల న్యాయవాదియు, మఱియొకరు పత్రములు చదువు నిపుణురాలును అగుదురు. అప్పుడు సంస్థ ఆమెకు కోర్టు అనుభవము చాలదని, చాలినంత నిజాయితీతోనే, పదోన్నతి నిరాకరించును.

ఈ నష్టమును ఆమె తనంతట తాను వేసికొన్న ఏ వ్యక్తిగత ప్రణాళికయు నివారింపజాలదు. ‘ఈ ఏడు క్రాసు ఎగ్జామినేషను నేర్వవలెను’ అని కార్డు వ్రాసికొని ప్రతి ఉదయము దానిని చూచుచున్నను, సాక్షిని ప్రశ్నించు అవకాశమిచ్చువారు లేనిదే ఆ కార్డు ఉన్నచోటనే యుండును. సంస్థ మాత్రము ఆ రంగులను చూచి, రాబోవు త్రైమాసికమున ఆమెకు రెండు చిన్న సాక్ష్యములను అప్పగింపుమని పార్ట్‌నరును కోరగలదు. అమెరికాలో 2017లో ఆరంభమైన మాన్స్‌ఫీల్డ్ నియమము, 1869లో అయోవా రాష్ట్రమున బార్‌లో చేరి ఆ దేశపు తొలి మహిళా న్యాయవాదిగా ప్రసిద్ధి చెందిన అరబెల్లా మాన్స్‌ఫీల్డ్ పేర వెలసి, పదవులకు ఎవరిని ఎన్నుకొంటిరని గాక ఎవరిని పరిశీలనలోనికి తీసికొంటిరని సంస్థలను లెక్క చెప్పుమనుటలో ఈ సూత్రమే కలదు. అయితే పదవీ పరిశీలన వేళకు చాల ఆలస్యమైపోవును. పరిశీలనకు అర్హతనిచ్చు పని దానికి ఐదారేండ్లకు ముందే, ఏదో ఒక సాయంకాలపు పిలుపులో పంచబడియుండును. లెక్క అచ్చటనుండి ప్రారంభము కావలెను.

మన దేశపు స్థితి వేఱు. 1956 కంపెనీల చట్టము ఇరువదిమందికి మించిన భాగస్వామ్యములను అనుమతింపకుండుటచేత న్యాయవాద సంస్థలు చిరకాలము చిన్నవిగా, తఱచు ఒక కుటుంబమునకు చెందినవిగా నుండెను. 2008 నాటి పరిమిత బాధ్యతా భాగస్వామ్యముల (ఎల్ఎల్‌పీ) చట్టమునకు పిమ్మటనే పెద్ద సంస్థల విస్తరణకు త్రోవ సుగమమైనది. నేటికిని మన న్యాయవాదులలో అత్యధికులు సంస్థలలో లేరు, సీనియరు చాంబరులలో నున్నారు. తెలుగు జిల్లాల కోర్టులలో ప్రాజెక్టు నిర్వహణకు పెద్ద పుస్తకమొకటి యుండెడిది, ఇప్పటికిని కలదు: అది వకీలు డైరీ. ఒక్కొక్క పుటలో గత వాయిదా, కేసు నంబరు, కోర్టు, పార్టీల పేర్లు, కేసు ఏ దశలో నున్నదో తెలుపు మాట, అనగా కౌంటరుకు, ఇష్యూలకు, సాక్ష్యమునకు, వాదనలకు అని, చివర తదుపరి వాయిదా. సాయంకాలము గుమాస్తా కోర్టునుండి వచ్చి దీపము పెట్టిన వేళకు మఱునాటి పుటను పూరించును. ఇప్పుడు ఈ-కోర్టుల యాప్‌లో పదునాఱు అక్షరాంకెల సీఎన్ఆర్ సంఖ్యను కొట్టిన ఆ వివరములే క్షణములో కనబడుచున్నవి. వ్యాజ్యము నడకను చూపుటలో ఆ డైరీకి సాటి లేదు. కాని ఆ పుటలలో ఎచ్చటను జూనియరు పేరు లేదు. కౌంటరును ఎవరు డ్రాఫ్టు చేసిరి, సాక్షిని ఎవరు సిద్ధపఱచిరి, వాయిదా ఎవరు అడిగిరి అన్నది సీనియరు జ్ఞాపకమున తప్ప మఱెక్కడను నిలువదు; ఆ జ్ఞాపకము మసకబాఱినప్పుడు జూనియరు పడిన శ్రమకు సాక్ష్యము లేకుండ పోవును. యువ న్యాయవాదులకు నగరములలో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలు కనీస భృతిగా ఇయ్యవలెనని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరున సిఫార్సు చేసినది. అది సిఫార్సు మాత్రమే. ధనము చాలని యీ దశలో జూనియరునకు దక్కు ముఖ్యమైన ఫలము పని నేర్చుటయే గనుక, ఆ పని వివరముగా లెక్కింపబడుట ఆతనికి మఱింత అవసరము.

అన్నిటిని లెక్కింపవలెనను వాదము ఎంతవరకు పోవచ్చునో మన సుప్రీంకోర్టే మనకు చూపినది. సీనియరు అడ్వొకేటు హోదాకు అభ్యర్థులను ఎన్నుకొనుటలో పారదర్శకత లేదన్న ఫిర్యాదుపై, 2017లో ఇందిరా జైసింగ్ వ్యాజ్యమున ఆ కోర్టు నూఱు మార్కుల పద్ధతిని ఏర్పఱచి, ప్రాక్టీసు కాలమునకు 20, వాదించిన తీర్పులు మొదలగువానికి 40, రచనలకు 15, ఇంటర్వ్యూకు 25 అని పంచినది. 2023లో రచనలకు 5, తీర్పులకు 50 అని సవరించినది. 2025 మే 13న జితేందర్ వ్యాజ్యమున ఆ మార్కులనే తొలగించి, నిర్ణయమును హైకోర్టుల, సుప్రీంకోర్టు పూర్ణ న్యాయమూర్తుల సమావేశములకు విడిచినది. ఎనిమిదేండ్ల యీ ప్రయోగమును నేను వ్యర్థమనను. అభ్యర్థులు తమ పనిని సాక్ష్యములతో కూర్చి చూపవలెనన్న నియమము మేలు చేసినది. ఆ పనికి అంకె కట్టి, అంకెలను కూడి, మొత్తమునుబట్టి మనిషిని నిర్ణయించుట నిలువలేదు. సాఫ్టువేరు విషయమునను ఈ గీత ఇచ్చటనే గీయవలెనని నా తాత్పర్యము. ముగిసిన కార్డుల సంఖ్యను కూడి, జూనియర్లను ఎక్కువ తక్కువలుగా పేర్చు సంస్థ, స్మిత్ కాగితము పోయిన త్రోవనే మఱల పోవును. చిన్న కార్డులు పది చేయువాడు, ఒక చిక్కు ప్రశ్నపై పది దినములు కూర్చుండినవాని కంటె ముందునకు వచ్చును. త్వరలోనే అందఱును ఒక పనిని పది కార్డులుగా చీల్చుట నేర్తురు.

లెక్కకు అందని వానిని గూర్చి అమెరికాలో ఒక మంచి పరిశోధన జరిగినది. డెన్వరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక సంస్థ 24,000 మందికి పైగా న్యాయవాదులను ప్రశ్నించి, క్రొత్తగా వృత్తిలో ప్రవేశించువానికి మొదటినాడే ఏమి కావలెనో విచారించి, ఫలితములను 2016లో ప్రకటించినది. ఆ ప్రశ్నావళిలోని 147 గుణములలో సగమునకు పైగా న్యాయవాదులు తక్షణావశ్యకములని చెప్పినవి 77. రహస్యమును కాపాడుట, చెప్పిన వేళకు వచ్చుట, ఆడిన మాటను నిలుపుకొనుట, ఇతరులను గౌరవించుట, శ్రద్ధతో వినుట వానిలో అగ్రస్థానములందు నిలిచినవి. వీనిలో వేళకు వచ్చుటను మాత్రము సాఫ్టువేరు కొంత చూపగలదు. తక్కిన గుణములు ఒక సీనియరు దగ్గఱ కూర్చుండి, ఆయన కక్షిదారుని దుఃఖమును ఎట్లు వినునో చూచి నేర్వవలసినవి. బోర్డును చూచుటయే జూనియరును చూచుట యని సీనియర్లు భావించిననాడు, ఆ సంస్థలో శిక్షణ అంతరించినదనియే చెప్పవలెను.

రహస్యమును గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలసి యున్నది. 2024 జూలై 1నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షను, కక్షిదారుడు న్యాయవాదికి చెప్పినదానిని, న్యాయవాది ఇచ్చిన సలహాను, కక్షిదారుని సమ్మతి లేనిదే వెల్లడింపగూడదని శాసించుటయే గాక, న్యాయవాది గుమాస్తాలకును ఉద్యోగులకును ఆ బాధ్యతను విస్తరించినది. ఎచ్చటనో విదేశమున నున్న కంప్యూటరులో నిలువయగు బోర్డుమీద కక్షిదారుని పేరును, కేసు బలహీనతను వ్రాసి, దానిని వృత్తి ప్రణాళికలో భాగముగా శిక్షణాధికారికి చూపుట ఈ బాధ్యతకు భంగకరము. వృత్తి బోర్డును వ్యాజ్యపు బోర్డునుండి వేఱుచేయవలెను. మొదటిదానిలో పని స్వభావము, కాలము, నేర్చినది మాత్రమే యుండవలెను: ‘విభాగపు దావాలో లిఖితపూర్వక వాదనలు, తొలి డ్రాఫ్టు, సీనియరు రెండు పర్యాయములు దిద్దిరి’ అన్న పంక్తికి పార్టీల పేర్లతో పనిలేదు. రంగుల వలన తెలియవలసినదంతయు దానినుండి తెలియును.

సాఫ్టువేరు ఎన్నికను గూర్చి పత్రికలలో సాగు చర్చ నాకు అల్పప్రాధాన్యముగా తోచుచున్నది. ఉచితముగా దొరకు చిన్న బోర్డుతోనైనను, ఒక సాధారణమైన స్ప్రెడ్‌షీటుతోనైనను పైన చెప్పిన పని యంతయు జరుగును. నిర్ణయింపవలసిన ప్రశ్నలు వేఱు. బోర్డును ఎవరు చూడగలరు? జూనియరు తన బలహీనతగా వ్రాసికొన్న మాట వేతన నిర్ణయమున ఆతనిపై ప్రయోగింపబడునా? వ్రాసిన దానిని పార్ట్‌నరు మార్చగలడా? సంస్థను విడిచిననాడు ఆ చరిత్ర ఎవరిది? మొదటి మూడింటికి వ్రాతపూర్వకమైన నియమములు లేనిచోట జూనియర్లు మంచి మాటలే వ్రాసెదరు, ఆ వ్రాతకు విలువ యుండదు. నా మతమున స్వీయవిమర్శ భాగము జూనియరునకును, ఆతడు కోరుకొన్న ఒక సీనియరునకును మాత్రమే కనబడవలెను. పనుల పంపకపు భాగము సంస్థలోని అందఱకు, జూనియర్లతో సహా, కనబడవలెను. పంపకమును పార్ట్‌నర్లకు మాత్రమే చూపు సంస్థలు పారదర్శకతను సగముననే విడిచినట్లగును, ఏలయన తక్కువ లభించినవాడే దానిని ముందుగా గుర్తింపగలవాడు.

నాల్గవ ప్రశ్న మన రాష్ట్రములలో వెంటనే తేలవలసినది. సివిలు జడ్జి పరీక్షకు మూడేండ్ల ప్రాక్టీసు ఉండవలెనని 2025 మే 20న సుప్రీంకోర్టు అఖిల భారత న్యాయమూర్తుల సంఘపు వ్యాజ్యమున తీర్పు చెప్పి, ఆ ప్రాక్టీసును పదేండ్లకు తక్కువగాని అనుభవము గల న్యాయవాది ధ్రువపఱచి, న్యాయాధికారి దానిపై ఆమోదము తెలుపవలెనని నిర్దేశించినది. హైదరాబాదు నల్సారునుండియు, విశాఖపట్టణపు దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయమునుండియు, జిల్లాలలోని లా కళాశాలలనుండియు వచ్చు యువకులు వేలాదిగా ఈ ధ్రువపత్రమునకై సీనియర్ల వద్దకు పోవలసియున్నారు. మూడేండ్లలో ఇద్దరు సీనియర్ల చాంబరులు మాఱినవానికి, పాత సీనియరు పట్టణము విడిచినవానికి, ఆ మూడేండ్లు నిజముగా ఏ పని చేసిరో చూపు ఆధారమెచ్చటను లేదు. రెండు రాష్ట్రముల బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంటుతోపాటు ప్రతి జూనియరునకు ఒక సాదా పని పట్టికను, నెలకొకసారి సీనియరు సంతకము చేయు గడితో, పార్టీల పేర్లు లేకుండ, జూనియరు సొత్తుగా, చాంబరు మాఱినను వెంట తీసికొనిపోవునట్లు ఏర్పఱచినచో, ఆ ధ్రువపత్రమునకు ఒక పునాది యేర్పడును. దానికి ఖరీదైన సాఫ్టువేరు అక్కఱలేదు. ఒక సాధారణమైన ఫోను చాలును, ఆ ఫోను లేనివానికి డైరీలో మఱియొక గడి చాలును.